గేటు లోపలి గడ్డి

గేటు పక్కనున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుని గ్లెనిస్ బూట్లు దులుపుకుంటోంది. కుడికాలిది అయిపోయింది. ఎడమకాలి బూటు నాడాల ముడిలో గడ్డిగింజలు రెండు మూడు ఇరుక్కున్నాయి. అవి బ్రష్షుకి లొంగే రకం కాదు, గోటితో పీకాలి. బయటి గింజ ఒక్కటీ లోపలికి పోకూడదు కనక పీకినదాన్ని నేలమీద పారెయ్యకూడదు, గేటుకి వేలాడదీసిన మూతడబ్బాలో వెయ్యాలి. మేజోళ్ళ మడతలు, ప్యాంటు జేబులు, టోపీ అంచు అన్నీ అయ్యాక లేచి, తనతో పనిచేసే వాల్ వైపు వీపు తిప్పి నిలబడింది. వాల్ ఆమె భుజాల మీదనుంచి నడుం దాకా గుర్రాన్ని తోమినట్టు తోమాడు.

"మా ఆవిడ వీపు కూడా ఎప్పుడూ ఇంత శ్రద్ధగా రుద్దలేదు నేను," అన్నాడు.

"అందుకే నిన్ను తెల్లారకుండానే ఇంట్లోంచి తరిమేస్తోంది."

"ఆ తరమడం నీకోసమేగా తల్లీ. నీ కారు గేర్‌బాక్సు ఎప్పటికి బాగవుతుందో చెప్తే నేనూ ఇంకాసేపు ముసుగుతన్ని పడుకుంటా."

"మెకానిక్కు చూస్తున్నాడులే," అంది గ్లెనిస్, ఇటు తిరక్కుండానే.

ఈ మాటే ఆమె వేసవి నుంచీ చెబుతోంది. గేర్‌బాక్సుకి ఏమీ కాలేదు. కారు ఇంటి వెనక రేకుల కింద నిక్షేపంగా ఉంది. పాడైనవి ఆమె కళ్ళు. ఎడమకన్ను నడిమధ్యలో బూడిదరంగు మచ్చ ఒకటి ఎప్పుడో వచ్చి కూర్చుంది. కుడికన్నులోనూ ఇప్పుడు అలాంటిదే మొదలైంది. దేన్ని చూడాలనుకుంటే సరిగ్గా అదే కనిపించదు, చుట్టుపక్కలవన్నీ కనిపిస్తాయి. కారు నడపొద్దని కళ్ళ డాక్టరు గట్టిగా చెప్పాడు. కలుపుమొక్కలకి మందు కొట్టొద్దని మాత్రం అనలేదు, తాను చేసే పనేమిటో ఆమె ఆయనకి చెప్పలేదు కనక.

వాల్ సైన్యంవాళ్ళతో మాట్లాడే రేడియో అందుకున్నాడు. "రేంజ్ కంట్రోల్, గడ్డివాళ్ళం. ఇద్దరం లోపలికి వెళ్తున్నాం."

"ఇద్దరు లోపలికి," అంది అవతలినుంచి సార్జంట్ ట్రెలోర్ గొంతు. "మధ్యాహ్నం ఫిరంగులున్నాయి. ఒంటిగంటకి ఎర్రజెండా ఎక్కించేస్తాం. ఇంకొక్క మొక్క, ఇంకొక్క మొక్క అని పోయినసారిలాగా నా ప్రాణం తియ్యకండి. గ్లెనిస్, నీకే చెప్తున్నా."

"వినపడింది తల్లీ," అని గ్లెనిస్ గేటు గొలుసు తీసింది. తాళంచెవి రంధ్రంలో పెట్టడానికి ఆమె తాళాన్ని చూడలేదు, బొటనవేలితో రంధ్రాన్ని వెతుక్కుంది. వాల్ అప్పుడు బండి అద్దం తుడుస్తున్నాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

యారబిన్ మైదానంలో చూడ్డానికి ఏముందంటే చెప్పడం కష్టం. గడ్డి ఉంది. పడమటి కొండల మీదనుంచి దిగే గాలికి తల వంచి, లేచి, మళ్ళీ వంచే గడ్డి. చెట్టన్నది లేదు. అక్కడక్కడా తుప్పుపట్టిన పాత ట్యాంకులు గురిచూసి కొట్టడానికి నిలబెట్టి ఉంటాయి, వాటి నీడలో కంగారూలు పడుకుంటాయి. తాతల కాలంలో సైన్యం ఈ నేల తీసుకుంది. అప్పటినుంచి ఫిరంగులతో పేల్చింది, ట్యాంకులతో తొక్కింది, వేసవిలో పొరపాటున తగలబెట్టింది, కానీ నాగలి మాత్రం పెట్టలేదు. ఎరువు చల్లలేదు, ఇళ్ళు కట్టలేదు. బయట మర్యాదస్తులైన రైతులు, కంపెనీలు, మునిసిపాలిటీలు కలిసి ఒక్క గుప్పెడు కూడా మిగల్చని ఆ పాతకాలపు గడ్డి ఇక్కడ, గుండ్లు పడేచోట, హాయిగా బతికింది. ఆ గడ్డిలో, సాలీళ్ళు తవ్వి వదిలేసిన బొరియల్లో, బొటనవేలంత తొండ ఒకటి కాపురముంటుంది. దానికి చెవుల రంధ్రాలుండవు. చెవుల్లేవు కాబట్టే ఫిరంగుల మధ్య ఉండగలిగిందని సిపాయిలు అనుకుంటారు. బయట ప్రపంచంలో దానికి చోటు లేదు.

గ్లెనిస్ తండ్రి కూడా ఆ మర్యాదస్తుల్లో ఒకడే. ఇక్కడికి కొండ అవతల, ఇలాంటి నేలనే దున్ని ఓట్స్ గింజలు చల్లాడు. ట్రాక్టరు వెనక పరుగెత్తి చాళ్ళలోంచి ఎగిరే పురుగుల్ని డబ్బాలో పట్టిన పిల్లల్లో గ్లెనిస్ ఉంది. తర్వాత కరువులో ఆ పొలం బ్యాంకుకి పోయింది. ఆమె గొర్రెల బొచ్చు కత్తిరించే కాలిన్‌ని పెళ్ళాడి షెడ్డు షెడ్డుకీ తిరిగింది, బొచ్చు ఏరింది, బడి క్యాంటీన్లో రొట్టెలకి వెన్న రాసింది. కాలిన్ చచ్చిపోలేదు. వాగా ఊళ్ళో ఇంకొకావిడతో సుఖంగా ఉన్నాడు. ఆమెకిప్పుడు అరవై దాటాయి. మోకాళ్ళు అరిగాయి, నడుం పట్టేసింది. ఊళ్ళో అద్దె ఇంటి వరండాలో కూర్చుంటే ఎదురింటి గోడ కనిపిస్తుంది.

ఆమెకి కావలసింది ఒక్కటే. ఈ గేటు లోపలికి రానివ్వాలి. ఇది పార్కు కాదు, టికెట్టు కొనుక్కుని రావడానికి. పనిమీద వచ్చేవాళ్ళకి తప్ప పురుగుకి కూడా ప్రవేశం లేదు. కళ్ళ సంగతి బయటపడిన మర్నాడు తను కూడా రోడ్డుమీద పోయే వాళ్ళలో ఒకతె అయిపోతుంది. ముళ్ళకంచె పక్కన కారు ఆపి చూద్దామన్నా కారు నడపలేదు. అందుకే గేర్‌బాక్సు.

బండి మట్టిదారిలో ఎగిరెగిరి పడుతూ పోతోంది. రాత్రి పడిన మంచు ఇంకా కరగలేదు, దుబ్బుల కొసలు తెల్లగా బిగుసుకుని ఉన్నాయి. వాల్ యథాప్రకారం వాగుతున్నాడు. మొదట్లో ఇతను ఇంత మాటకారి కాదు. ఏడాదిగా మాత్రం నోటికి తాళం లేదు. వరసలో పక్కపక్కన నడుస్తూ మందు కొట్టేటప్పుడు మరీను. 'అదిగో గ్లెన్, నీ కుడిపక్క లావుపాటి దొంగమొహంది, వెయ్ దానికి.' 'ఏయ్, ఆ నాటుపిల్ల జోలికెందుకు, పాపం పెళ్ళి కావాల్సింది.' 'ఆ గుంటలో నాలుగు మొహాలు చూడు, మా బావమరుదుల్లాగా ఎలా కూర్చున్నాయో.' గ్లెనిస్‌కి నవ్వొచ్చేది, విసుగూ వచ్చేది. వయసు మీదపడుతున్న మగవాళ్ళకి ఇదొక జబ్బు కాబోలనుకుంది.

దొంగమొహంది అంటే రంపం దుబ్బు. సముద్రం అవతలినుంచి వచ్చిన గడ్డి. అది తిన్న గొర్రె నిండు కడుపుతోనే ఆకలికి చస్తుంది. నాటు దుబ్బుల మధ్య నాటు దుబ్బులాగే కూర్చుని, గాలికి వాటిలాగే తల ఊపుతూ, రెండేళ్ళలో పక్కవాటిని ఊపిరాడకుండా చేసి మైదానమంతా పరుచుకుంటుంది. తొండకి దుబ్బుల మధ్య ఖాళీ నేల కావాలి, ఎండ కాగడానికి, పురుగుల వెంట పరుగెత్తడానికి. రంపం దుబ్బు ఆ ఖాళీని ఉంచదు. దాన్ని చంపడమే గ్లెనిస్ పని. మందులో నీలిరంగు కలుపుతారు, దేనికి కొట్టామో దేనికి కొట్టలేదో తెలియడానికి. సాయంత్రానికి ఆమె వేళ్ళు, బూట్లు, ఒక్కోసారి ముక్కు కూడా నీలంగా ఉంటాయి.

రెంటికీ తేడా చూపుతో పట్టడం మంచి కళ్ళున్నవాళ్ళకే కష్టం. గ్లెనిస్ ఏడాదిగా చూపుతో పట్టడం లేదు. కుడిచేతి గ్లవ్వు తీసి, ఆకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పుతుంది. రంపం దుబ్బు ఆకు గుండ్రం, దారంలాగా జారుగా తిరుగుతుంది. నాటు దుబ్బు ఆకు పలక, అంచు తగిలి ఆగిపోతుంది. ఒట్టిచేతులతో మందు పనిచెయ్యడం తప్పని ఆమెకి తెలుసు. కానీ వేళ్ళకి మచ్చలు రాలేదు, కళ్ళకే వచ్చాయి.

రెండో వాగు దాటగానే ఢామ్మని చప్పుడయి బండి ఒక పక్కకి ఒరిగింది. వాల్ దిగి చూసి బూతు ఒకటి అన్నాడు. పాత గుండు ముక్క, అరచేతి వెడల్పు ఇనుము, టైరు పక్కగోడలోకి దిగబడిపోయింది.

"మన పన్నులు," అన్నాడు దాన్ని పీకి చూపిస్తూ. "మనం కట్టిన డబ్బుతోనే కొని, మన టైర్లోనే గుచ్చారు. నువ్వు కూర్చో. ఫ్లాస్కులో టీ ఉంది. చక్రం మార్చి వస్తా, కలిసి మొదలెడదాం."

"దీనికెంతసేపు పడుతుందో. ఒంటిగంటకి జెండా."

"ఎంతసేపైనా పట్టనీ. ఒక్కదానివీ వెళ్ళకు గ్లెన్." అతని గొంతులో ఎగతాళి లేదు. "ఇద్దరు ఉండాలని రూలు కదా."

గ్లెనిస్ కూర్చుంది. టీ తాగింది. జాకీ కింద నేల మంచుకి నాని జారుతోంది. వాల్ రాయి వెతుకుతున్నాడు, పెడుతున్నాడు, అది మట్టిలోకి దిగిపోతోంది, మళ్ళీ వెతుకుతున్నాడు. ఆమెకి కాలు నిలవలేదు. అవతల మెరక వెనక పల్లం ఉంది. కిందటేడు అందులో రంపం దుబ్బులు మంద కట్టి కూర్చుంటే ఇద్దరూ కలిసి సగం చంపారు, మిగతా సగం అలాగే ఉండిపోయింది. ఇవాళ వదిలితే మళ్ళీ ఫిరంగులు అయ్యేదాకా లోపలికి రావడం కుదరదు. ఈలోగా గింజ రాలుతుంది. తను అరిచి చెప్పినా వాల్ ఒప్పుకోడు. మందు డబ్బా వీపుకి తగిలించుకుని, పట్టీలు బిగించుకుని, చెప్పకుండా నడిచింది.

పల్లంలో ఎండ ఇంకా దిగలేదు. మంచు బూట్ల కింద కరకరలాడుతోంది. మొదటి దుబ్బు దగ్గర వంగి, గ్లవ్వు తీసి, ఆకు పట్టుకుని తిప్పింది. జారుగా తిరిగింది. రంపమే. పిచికారీ మీట నొక్కింది. రెండోది, మూడోది, అవీ జారుగానే తిరిగాయి. చలికి వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. చంక కింద పెట్టుకుని కాసేపు వెచ్చచేసుకుంది, మళ్ళీ వంగింది. పల్లం నిండా ఇవే, అనుకుంది. కిందటేడు వదిలేసిన దానికి ఇది శాస్తి. తర్వాత ఆకు తిప్పి చూడడం కూడా తగ్గించింది, ఒక మందలో ఒకటి చూస్తే చాలదా. పక్కన వాగుడు లేదు. ఎక్కడో పిట్ట ఒకటి ఆకాశంలోకి ఎగిరి అక్కడే నిలబడి పాడుతోంది. చాలా రోజుల తర్వాత ఒక వరస మొత్తం ఒక్కతే, తన చేతుల మీదుగా పూర్తిచేస్తోంది. నడుం నొప్పి కూడా కాసేపు తెలియలేదు. తను అనుకున్నంత పాడైపోలేదు. ఈ సీజను గట్టెక్కిస్తుంది, వచ్చే సీజను కూడా.

డబ్బా సగానికి వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. వాల్. చక్రం బిగించి వచ్చినవాడు ఏమీ అనలేదు. దొంగమొహాలని గానీ, బావమరుదులని గానీ, ఒక్కమాట అనలేదు. అతను మాట్లాడకపోవడంతోనే ఏదో తప్పు జరిగిందని గ్లెనిస్‌కి తెలిసిపోయింది.

"గ్లెన్," అన్నాడు చివరికి, చిన్నగా. "మీట వదిలెయ్."

"ఏం?"

"డబ్బా దించు."

"అవి రంపం దుబ్బులేరా వాల్. తిప్పి చూశాను."

"హద్దుకి కట్టిన గులాబీరంగు రిబ్బను దాటి వచ్చేశావు. ఇది ఇమోజెన్ గొట్టాలు పాతిన చోటు."

ఇమోజెన్ తొండల డాక్టరమ్మ. సాలీడు బొరియల్లాంటి సన్నటి గొట్టాలు నేలలో పాతి, తొండలు వాటిలో చేరాయా లేదా అని వారానికోసారి మూత తీసి చూస్తుంది. మైదానం మొత్తం మీద తొండలు ఎక్కువగా ఉన్నది ఈ వాలులోనే. గ్లెనిస్ పల్లం దాటి, మెరక చుట్టి, తెలియకుండానే ఈ వాలు ఎక్కేసింది. తల పక్కకి తిప్పి కంటికొసతో చూసింది. కంటికొసకి ఇంకా చూపుంది. దుబ్బు తర్వాత దుబ్బు, వాలు పొడుగునా నీలం. వంగి ఒక ఆకు పట్టుకుంది. ఈపాటికి ఎండ తగిలి వేళ్ళలో కాస్త నెత్తురాడుతోంది. ఆకుని తిప్పింది. అంచు తగిలి ఆగిపోయింది. ఇంకోటి పట్టుకుంది. అదీ ఆగిపోయింది.

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఏడుపు రాలేదు. ఒంట్లో ఉన్న అలసటంతా, ఇన్నేళ్ళదీ, ఒక్కసారిగా కాళ్ళలోకి దిగింది.

"బండిలో మంచినీళ్ళున్నాయి," అన్నాడు వాల్. "కడిగేద్దాం."

"వద్దు. కడిగితే అదంతా బొరియల్లోకి దిగుతుంది." గ్లెనిస్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆకులోంచి వేరులోకి దిగడానికి దానికి కాస్త టైము పడుతుంది. కోసెయ్యాలి. మొదలు వదిలి పైదంతా కోసేస్తే బతకొచ్చు. కత్తెర తీసుకురా. సంచులు కూడా."

గొర్రెల బొచ్చు కత్తిరించే పాత కత్తెర బండిలో ఉంది. రంపం దుబ్బుల గింజకొసలు కోయడానికి వాడతారు. వాల్ పరుగెత్తి తెచ్చేలోపల గ్లెనిస్ ఆకుపచ్చ స్వెటర్ విప్పి నాలుగు మడతలు పెట్టి నేలమీద వేసుకుంది. స్వెటర్ లేకపోతే ఆ మోకాళ్ళు రాళ్ళనేల మీద నిలవవు. దాని మీద మోకరిల్లి ఎడమచేత్తో దుబ్బు జుట్టు పట్టుకుంది, కుడిచేత్తో కత్తెర మొదట్లో పెట్టి నొక్కింది. షెడ్లలో కాలిన్ పక్కన నిలబడి చూసి నేర్చిన చెయ్యే అది. గొర్రె చర్మానికి తగలకుండా ఎంత దగ్గరగా పోవాలో కంటితో పని లేకుండానే తెలుసు. కోసినదాన్ని వాల్ సంచిలో కూరి, తర్వాతి దుబ్బు మీద చెయ్యి పెట్టి, 'ఇది' అంటున్నాడు. ఆమె స్వెటర్‌ని ముందుకి లాక్కుని మళ్ళీ మోకరిల్లుతోంది. 'ఇది.' 'ఇది.' 'దీనికి ఒక పక్కే తగిలింది, ఈ సగం చాలు.'

చాలాసేపు అంతే మాట్లాడుకున్నారు.

"గేర్‌బాక్సు బాగుచెయ్యడానికి ఇన్ని నెలలు ఎవరైనా తీసుకుంటారా గ్లెన్," అన్నాడు వాల్ ఉన్నట్టుండి, సంచి మూతి బిగిస్తూ.

కత్తెర ఆగింది. "ఎప్పుడు తెలిసింది?"

"నా కప్పులో పొయ్యాల్సిన టీ నా తొడ మీద పోశావే, అప్పుడు. మొన్నటి క్రిస్మస్ కాదు, ఆ ముందటి దానికి."

"ఏడాది పైనే అయింది కదరా!"

"కాలింది నాకు కదా, గుర్తుంటుంది మరి."

గ్లెనిస్ ఇంకో దుబ్బు కోసింది. కోస్తుండగా ఆమెకి తట్టింది. "అందుకేనా ఆ వాగుడంతా? దొంగమొహంది, నాటుపిల్ల, బావమరుదులు..."

"మరి నాకేమన్నా సరదానా? మా ఇంట్లో అడుగు, నేను నోరే విప్పనని చెప్తుంది మా ఆవిడ. రోజంతా ఇక్కడ వాగి వాగి, ఇంటికెళ్ళేసరికి గొంతులో తడి ఉండదు." అతను తల తిప్పుకుని ముక్కు ఎగబీల్చాడు. "ఇవాళ ఆ చక్రం దగ్గర ఇరుక్కోకపోతే ఇదంతా జరిగేది కాదు. నాదే తప్పు."

"నీ మొహం. ఆగమన్నావు, నేను ఆగలేదు."

ఇంత కాలం తను ఒంటరిగా మోస్తున్నాననుకున్నదాన్ని ఇంకొకడు పక్కన నడుస్తూ సగం మోశాడని తెలిస్తే సంతోషించాలో సిగ్గుపడాలో ఆమెకి తేలలేదు. ఈ చేతులమీదుగా చేశాననుకున్న పనిలో తనదెంతో అతనిదెంతో ఇక ఎప్పటికీ తెలియదు. సిగ్గే ఎక్కువైంది. ఆ సిగ్గు వెనకాలే, ఎక్కడో అడుగున, అతని మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. దాన్ని ఎలా చెప్పాలో వాళ్ళ ఊళ్ళో ఎవరికీ రాదు.

"నీ చేతిలో సంచి చిరిగింది, చూసుకో," అంది.

ఎండ నెత్తిమీదికి వచ్చింది. వాలు మీద నీలం తగ్గుతూ వచ్చి, బోడిగా, గుండు కొట్టించుకున్న తలల్లాంటి మొదళ్ళు మిగిలాయి. వాటి మధ్య ఇమోజెన్ గొట్టాల మూతలు అక్కడక్కడా మెరుస్తున్నాయి. గ్లెనిస్ మోకాళ్ళ మీదనుంచి లేవడానికి వాల్ భుజం పట్టుకోవలసి వచ్చింది. లేచి, నిలదొక్కుకుని, మళ్ళీ ముందుకి జరిగింది. చివర్న ఇంకా కొన్ని మిగిలాయి.

అప్పుడు రేడియో గరగరమంది. "గడ్డివాళ్ళూ, ఎక్కడ తగలడ్డారు? ఇక్కడ నా పక్కన ఫిరంగుల మేజర్ గారు వాచీ చూసుకుంటున్నారు. జెండా ఎక్కించాలి."

"వస్తున్నాం, వస్తున్నాం," అన్నాడు వాల్. రేడియో దించి ఆమెకేసి చూశాడు. "విను గ్లెన్. మిగిలినవి రెండు మూడే. మధ్యాహ్నం గుండ్లు పడతాయి, ఈ గాలికి ఎక్కడో ఒకచోట అంటుకుంటుంది, ఎప్పుడూ అంటుకునేదే. కాలకపోయినా, ఎవరో సిపాయిలు కోసుకుపోయారనుకుంటారు. నేను నోరు విప్పను. రేపట్నుంచి నీ పక్కనుంచి కదలను. చక్రం ఊడిపోయినా సరే."

గ్లెనిస్ ఆఖరి దుబ్బుల మొదళ్ళలో కత్తెర వేస్తోంది. కోసి, ఇచ్చి, అప్పుడు చెప్పింది.

"నీకు రేపు జ్వరమొస్తుంది. ఎల్లుండి ఇంకేదో అవుతుంది. నేను మళ్ళీ ఆగను వాల్. ఇవాళ నాకెంత సంతోషంగా ఉండిందో తెలుసా? వీటి మీద నీలం కొడుతుంటే, పాట పాడుకోవడం ఒకటే తక్కువ. అంత సంతోషంగా చంపాను." ఊపిరి తీసుకుంది. "ఇక నా చేతికి మందు ఇవ్వకూడదు."

వాల్ ఆఖరి సంచి మూతి బిగించాడు. సంచులు రెండు చేతులా పట్టుకుని ముందు నడిచాడు. రేడియో మళ్ళీ అరుస్తోంది. ఆమె కత్తెర తీసుకుని, అతని అడుగుల చప్పుడు పట్టుకుని, వాలు దిగింది.

గేటు దగ్గర ఇమోజెన్ తన కారుకి ఆనుకుని ఉంది. తర్వాతి వారానికి కావలసిన గొట్టాలు తెచ్చింది, లోపలికి వెళ్ళే వీలు లేక వీళ్ళ బండిలో పెడదామని చూస్తోంది. వాల్ బండి దిగకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. గ్లెనిస్ దిగి వెళ్ళింది.

"అమ్మాయ్, నీ వాలు మీద నాటు దుబ్బులకి మందు కొట్టేశాను. నేనే. వాల్ లేడు. ఏడాది పైనుంచీ నాకు కళ్ళు సరిగ్గా కనపడడం లేదు, మీకెవ్వరికీ చెప్పలేదు."

ఇమోజెన్ చేతిలో గొట్టాల కట్ట అలాగే ఉండిపోయింది. మొహంలో ఏముందో గ్లెనిస్‌కి కనిపించలేదు. అక్కడ బూడిదరంగు మచ్చ ఉంది.

"కొట్టాక ఎంతసేపటికి కోశారు?" అని అడిగింది ఇమోజెన్. బండి వెనక సంచులు ఆమెకి కనిపించినట్టున్నాయి.

"వాల్ రాగానే. మొదళ్ళు వదిలాం. నీళ్ళు పొయ్యలేదు."

"మంచి పని చేశారు. బతకొచ్చు. వసంతం వస్తేగానీ తెలీదు." ఆమె గొట్టాల్ని కారు మీద పెట్టింది. "గ్లెనిస్, ఇది నేను పైవాళ్ళకి చెప్పాలి."

"చెప్పాలనేగా నీకు చెప్పింది."

"మిమ్మల్ని వేరే ఏదైనా పనిమీద, ఊరికే నాతోపాటు, లోపలికి తీసుకెళ్ళడానికి కుదురుతుందేమో అడుగుతాను."

"అడగకు. వాళ్ళు కుదరదంటారు. ఆ మాట చెప్పడానికి నువ్వు నాలుగు రోజులు తంటాలు పడతావు. ఆ నాలుగు రోజులూ నేను ఆశపడి చస్తాను. ఎందుకమ్మా అదంతా."

మెడలో వేలాడే ప్రవేశ కార్డు తీసి ఇమోజెన్ చేతిలో పెట్టింది. ఇమోజెన్ దాన్ని పట్టుకున్న చేతిని వెంటనే వదల్లేదు. చిన్నపిల్ల, మంచి పిల్ల, తొండలంటే ప్రాణం. ఆ వాలు చూశాక రాత్రి ఏడుస్తుంది, ఇప్పుడు మాత్రం ఏడవదు. గ్లెనిస్ ఆమె చేతి మీద రెండుసార్లు తట్టి బండి దగ్గరికి వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి రేడియో అడిగింది.

"రేంజ్ కంట్రోల్. గడ్డివాళ్ళం. ఇద్దరం బయటికి."

"ఇద్దరు బయటికి. ఈసారి మీ పుణ్యమా అని మేజర్ గారు నన్ను తినలేదు," అంది సార్జంట్ ట్రెలోర్. "సోమవారం కలుద్దాం గ్లెనిస్."

గ్లెనిస్ మీట నొక్కి పట్టుకుంది. గాలి చప్పుడు తప్ప ఏమీ పోలేదు అటు.

"ఉంటా తల్లీ," అంది.

వాల్ గేటు మూసి గొలుసు వేశాడు. ఆమె అప్పటికే బండిలో కూర్చుంది. స్తంభం మీదికి ఎర్రజెండా పాకుతూ ఎక్కుతోంది. తారురోడ్డు ఎక్కాక మొదటి ఫిరంగి పేలింది, అద్దాలు సన్నగా వణికాయి. ఇద్దరిలో ఎవరూ వెనక్కి చూడలేదు. వాల్ నోరు విప్పలేదు. ఇక విప్పాల్సిన అవసరం లేదు మరి.

ఊరి పొలిమేరల్లో పెట్రోలు బంకు దాటుతుండగా ఆమె రెండు చేతులతో భుజాలు రుద్దుకుంది.

"హీటరు వెయ్యనా?"

"నా స్వెటర్," అంది గ్లెనిస్. "అక్కడే ఉండిపోయింది."

వాల్ కాలు బ్రేకు మీదికి పోయింది. పోయి అక్కడే ఆగింది. వెనక కొండల మీదనుంచి మళ్ళీ ఒకటి పేలింది.

"సోమవారం నేను తెస్తాలే."

"ఏం తెస్తావులే. దానికంతా నీలం అంటుకుంది," అంది ఆమె, కిటికీ వైపు తిరిగి.

బోడి మొదళ్ళ మధ్య, వాలు చివర, అది నాలుగు మడతల మీద అలాగే పడి ఉంది. ఒక చెయ్యి మడతలోంచి బయటికి జారింది, గాలికి కాస్త కదులుతోంది. మోకాళ్ళ బరువుకి ఉన్నిలో పడిన రెండు గుంటలు ఇంకా పూడలేదు.